నాలుగు డిస్కులు, ఒక రుమాలు

అది 2005. నిజామాబాద్‌లో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో సర్వీస్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఇంజినీరు అన్నానని పెద్దగా ఊహించుకోకండి. భుజానికి ఒక సంచి, సంచిలో స్క్రూడ్రైవర్లు, సీడీల కవరు, చిక్కుపడ్డ కేబుళ్ళు. బోధన్, బాన్సువాడ, పిట్లం, ఎక్కడ కంప్యూటర్ మూలిగితే అక్కడికి ఆర్టీసీ బస్సులో నిలబడి పోవడమే నా ఉద్యోగం.

మామూలు కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు మా ఆఫీసులో నలుగురైదుగురు ఉండేవారు. సర్వర్లలో డిస్కులు జతకట్టే పని మాత్రం నా మెడకే పడింది. దాన్ని రెయిడ్ అంటారు. నాలుగు డిస్కులను ఒక సాఫ్ట్‌వేర్‌తో కలిపి, కంప్యూటరుకు ఒకటే పెద్ద డిస్కులా కనిపించేట్టు చెయ్యడం. సమాచారాన్ని ముక్కలు చేసి, నలుగురు అన్నదమ్ములకు పొలం పంచినట్టు నాలుగింటికీ పంచుతాం. పంపకంతోపాటు ఒకరి హద్దుల లెక్క మిగతావాళ్ళ దగ్గర ఉండేట్టు కూడా చూస్తాం. అందుకని ఒక తమ్ముడు కనిపించకుండా పోయినా, మిగతా ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగితే పోయినవాడి వాటా ఎక్కడిదాకా ఉందో తేలిపోతుంది. ఇద్దరు పోతే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా తేల్చలేడు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, నా కథ అర్థమవుతుంది.

బాన్సువాడ బస్టాండుకు కాస్త అవతల సాయిలు అనే ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా వీడియో సాయిలుదే. ఇంకా చెప్పాలంటే పెళ్ళే సాయిలుది. తలంబ్రాలు పోసినవాళ్ళను మళ్ళీ పొయ్యమనేవాడు, కట్టిన తాళిని మళ్ళీ పట్టుకుని వంగమనేవాడు. పురోహితులు కూడా ఆయన చెయ్యి ఊపేదాకా మంత్రం దగ్గరే ఆగి ఉండేవారని చెప్పుకునేవారు. చెడ్డవాడు కాదు పాపం. వీడియో బాగా రావాలన్న పిచ్చి, అంతే.

ఈ సాయిలుకు మా కంపెనీ సేల్స్ ఆయన ఒక సర్వర్ అంటగట్టాడు. హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన పాత సర్వర్ అది. దాంట్లో నాలుగు డిస్కులు బిగించి, రెయిడ్ కట్టి, ఏ డిస్కు ఏ అరలో ఉండాలో చిన్న స్టిక్కర్లు రాసి అంటించి వచ్చింది నేనే. నేను వైర్లు సర్దుకుంటుంటే మా సేల్స్ ఆయన సాయిలుకు తన విద్య చూపించాడు. సర్వర్ నడుస్తుండగానే ఒక డిస్కు సర్రున బయటికి లాగి, గాలిలో ఊపి, "చూశారా, ఏమీ కాలేదు" అని మళ్ళీ తోశాడు. దీన్ని హాట్ స్వాప్ అంటారు. నడుస్తున్న సర్వర్‌లోంచి చెడిన డిస్కును తీసి కొత్తది పెట్టే సౌకర్యం. ఒక డిస్కును మాత్రమే అనే ముక్క ఆ పెద్దమనిషి చెప్పలేదు. పైగా, ఒకసారి సర్వర్‌లోకి ఎక్కించాక క్యాసెట్లు దాచుకోనక్కరలేదు, వాటిమీదే వేరే పెళ్ళిళ్ళు తీసుకోవచ్చు అని కూడా బోధించి వెళ్ళాడు. సేల్స్ వాళ్ళ మీద నాకున్న కోపం ఇవాల్టిది కాదు.

ఆ ఏడు దసరా మర్నాడు పొద్దున్నే సాయిలు ఫోన్ చేశాడు. పండుగ మాటలయ్యాక అసలు విషయానికొచ్చాడు.

"సార్, పూజ చేసినకాంచి సర్వర్‌ల పసుపు లైట్లు వస్తున్నయ్. మంచిదేనా?"

"ఎన్నింటికి?"

"నాలుగింటికి నాలుగు, సార్. ఒక్కటి గూడ తప్పలే."

ఆ గొంతులో అమ్మవారే దిగొచ్చి కరుణించిందన్నంత సంబరం వినిపించింది. డిస్కు బాగుంటే ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. పసుపు వెలిగిందంటే ఆ డిస్కు పని అయిపోయిందని సర్వర్ చెబుతున్నట్టు. దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, దొరికిన బస్సెక్కాను.

స్టూడియో ముందు జీపు ఒకటి, ట్రాక్టరు ఒకటి ఆగి ఉన్నాయి. లోపల రెండు బెంచీల మీద రెండు జట్లు ఎదురెదురుగా కూర్చుని ఉన్నాయి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. టీ గ్లాసులు మాత్రం రెండు వైపులా ఖాళీ అవుతున్నాయి. సాయిలు నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి, చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయాడు.

సర్వర్‌ను చూశాను. మెడలో బంతిపూల దండ. ముందు వైపు గంధం. పైన నిమ్మకాయ, మిరపకాయలు. వెనకాల ఫ్యాను గిర్రున తిరుగుతూ మధ్యమధ్య ఒక్కో అక్షింత బయటికి ఊస్తోంది. అరల్లో నాలుగు డిస్కులు, నాలుగింటికీ నుదుట బొట్లు, బొట్ల పక్కన పసుపు లైట్లు. ఇంత ముత్తయిదువలా ఉన్న సర్వర్‌ను నా సర్వీసులో మళ్ళీ చూడలేదు.

"డిస్కులు బయటికి తీశారా?" అన్నాను.

తీశామన్నాడు, అందులో అడగవలసిందేముంది అన్నట్టు. ఆయుధపూజకు కెమెరాలు, లైట్లు, స్టాండ్లు అన్నీ కడిగి తుడిచి దేవుడి ముందు పెట్టుకున్నారు. సర్వర్ బరువు, గదిలోంచి కదలదు. పని అంతా డిస్కుల్లోనే ఉంటుందని మేమే చెప్పాం కదా, కాబట్టి డిస్కులను తీసి పీట మీద పెట్టి పూజ చేశారు. సర్వర్ ఆపారా అంటే, ఆపడం ఎందుకు, మీ సేల్స్ సార్ నడుస్తుండగానే తీసి చూపించాడు కదా అన్నాడు. ఈ తర్కంలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

ఇంతలో సాయిలు భార్య గంగామణి నాకు మంచినీళ్ళు తెచ్చింది. డిస్కుల మీద ఏవో మురికి కాగితాలు అంటుకుని ఉంటే తడిగుడ్డతో రుద్ది తీసేశానని, ఇప్పుడెంత శుభ్రంగా ఉన్నాయో చూడమని చెప్పింది. అవి నా స్టిక్కర్లు. ఏ డిస్కు ఏ అరదో చెప్పే గుర్తులు.

సాయిలు అప్పటికే మా సేల్స్ ఆయనకు కూడా ఫోన్ చేశాడట. సర్వర్ మొదలయ్యేటప్పుడు కంట్రోలర్ స్క్రీన్‌లోకి పోయి, పాత కాన్ఫిగరేషన్ తుడిచేసి కొత్తది చేసుకో, లైట్లన్నీ పచ్చగా అయిపోతాయి అని ఆయన సలహా ఇచ్చాడు. కంట్రోలర్ అంటే ఈ నాలుగు డిస్కుల మీద పెత్తనం చేసే కార్డు. లైట్లు పచ్చగా అయ్యే మాట నిజమే. ఇల్లు కూలగొట్టి చదును చేస్తే స్థలం శుభ్రంగానే కనిపిస్తుంది కదా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడేది.

"చేశారా?" అన్నాను.

"చేద్దామనే కూసున్న సార్. యెస్సా, నో నా అని అడిగింది. అప్పటికే రాహుకాలం వచ్చింది. పోయినంక నొక్కుదామని ఆగిన. గంతల మీరు వచ్చిండ్రు."

నేను రాహుకాలం ఎన్నడూ చూసుకున్నవాణ్ణి కాదు. ఆ రోజు మాత్రం మనసులో దానికొక దండం పెట్టుకున్నాను.

బయట ఆ రెండు జట్లు ఎవరని అడిగాను. సాయిలు మొహం అప్పుడు మొదటిసారిగా వాడిపోయింది. గంగామణి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది, ఆయన చెప్పాడు.

కోటగిరి పక్క పల్లెలో భూంరెడ్డి అని వరి రైతు. ఆయన కూతురు రజితను ఎండాకాలంలో పిట్లం అబ్బాయి మహేందర్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. మహేందర్‌కు తండ్రి లేడు. డోంగ్లిలో ఉండే మేనమామ విఠల్‌రావే పెంచి పెద్దచేశాడు. పెళ్ళిలో ఆడపిల్ల తండ్రి అలాంటి పెద్దమనిషికి బట్టలు పెట్టి, తలకు రుమాలు కట్టాలి. రుమాలంటే మా వైపు తలపాగా. డోంగ్లి మహారాష్ట్ర సరిహద్దున ఉంది కాబట్టి అక్కడివాళ్ళు ఈ మర్యాదను మాన్‌పాన్ అంటారు, పట్టింపు కూడా ఎక్కువే. భూంరెడ్డేమో నా చేతులతో కట్టానంటాడు. విఠల్‌రావేమో నాకు కట్టలేదంటాడు. అయిదారు నెలలుగా ఇదే గొడవ. బతుకమ్మకు పుట్టింటికి వచ్చిన రజితను పండుగ అయ్యాక అత్తవారు వచ్చి తీసుకుపోవాలి. రుమాలు సంగతి తేలేదాకా పిలవబోమని విఠల్‌రావు కబురు పెట్టాడు. తప్పు మాది కానప్పుడు మేమే దింపి రావడం ఏమిటని భూంరెడ్డి పట్టుబట్టాడు. చివరికి ఊరి పెద్దలు, వీడియో చూసి తేల్చుకోండి అన్నారు. ఆ చూసుకునే రోజు ఇవాళ. వీడియో ఈ సర్వర్‌లో ఉంది. క్యాసెట్లు ఏవీ అంటే, వాటిమీద శ్రావణమాసంలో వేరే పెళ్ళిళ్ళు తీసేశాడు.

"పెళ్ళయి ఇన్ని నెలలైంది, సీడీ ఇంకా ఇయ్యలేదా?" అని అడిగాను.

"వారంల ఇస్తనన్న సార్" అన్నాడు. ఏ వారమో అడిగే ఓపిక నాకు లేదు.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు భయం వేసింది. బ్యాంకు సర్వర్ పోతే మేనేజరు అరుస్తాడు, పై ఆఫీసులో కాగితాలు దొరుకుతాయి. ఇక్కడ పోతే ఒక పిల్ల పుట్టింట్లో ఉండిపోతుంది. నీళ్ళ గ్లాసు కింద పెడుతుంటే తలుపు తోసుకుని ఆ పిల్లే వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. చేతికి గోరింట ఇంకా ఎర్రగా ఉంది.

"సార్, గా వీడియో దొరుకుతదా?" అంది.

చూస్తున్నానమ్మా అన్నాను.

"దొరకకుంటే నేను గీడనే ఉండిపోత. దొరికితే గూడ మా నాయిననో, మా మామనో ఎవలో ఒకలు అబద్ధమాడినట్టైతది. గప్పుడు పోయినా సుకముండది. ఏం మొక్కుకోవాల్నో గూడ తెలుస్తలే" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టి, కంట్రోలర్ స్క్రీన్‌లోకి వెళ్ళాను. నీలం రంగు తెర మీద నాలుగు గళ్ళు, నాలుగింటిలోనూ ఫెయిల్డ్ అనే రాత. నిజానికి ఆ డిస్కుల్లో ఏదీ చెడలేదు. మొదటి డిస్కు లాగగానే కంట్రోలర్ సర్దుకుని మిగతా మూడింటితో నడిపింది. రెండోది కూడా లాగేసరికి ఇక నావల్ల కాదని చేతులెత్తేసింది. మొదటిది పోయాక కూడా మిగతావాటి మీద రాతకోతలు జరిగి ఉంటాయి కాబట్టి, మొదట బయటికొచ్చిన డిస్కు దగ్గర ఉన్నది పాత సమాచారం. దాన్ని పక్కన పెట్టి మిగతా మూడింటిని వాటి వాటి అరల్లో పెట్టి, మీరు బాగానే ఉన్నారు, లేవండి అని చెప్పాలి. దీన్ని ఫోర్స్ ఆన్‌లైన్ అంటారు. పాతదాన్ని కూడా కలిపి లేపితే, దాని మాట మిగతావాటి మాటకు పొంతన కుదరక మొత్తం కలగాపులగం అవుతుంది. అరలు తారుమారైనా అంతే. అప్పుడు నా వల్లే కాదు, ఎవరి వల్లా కాదు.

కాబట్టి ప్రశ్న ఒక్కటే. మొదట తీసిన డిస్కు ఏది, తర్వాత ఏ వరసలో తీశారు? ఎప్పుడు ఏ డిస్కు పోయిందో రాసి పెట్టే సాఫ్ట్‌వేర్ సర్వర్‌లోనే ఉంది. కానీ అది ఉన్నది ఆ డిస్కుల్లోనే. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టుంది మా పని. సాయిలును అడిగితే నాలుగూ ఒక్క తీరుగానే ఉన్నాయి కదా, ఏది ఏదో ఎట్లా చెప్పాలన్నాడు.

డిస్కులను బయటికి తీసి బల్ల మీద వరసగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. కంపెనీ ఒకటే, సైజు ఒకటే. తేడా ఉన్నది బొట్లలోనే. ఒకదానికి రూపాయి బిళ్ళంత కుంకుమ, ధారాళంగా ఉంది. ఇంకోదానికి మామూలు బొట్టు. మూడోదానికి ఉందా లేదా అన్నట్టు చిన్న చుక్క. నాలుగోదానికి పసుపు మాత్రమే.

"ఇదేంది, దీనికి కుంకుమ పెట్టలేదు?" అని గంగామణిని అడిగాను.

పూజలో లోపం పట్టుకున్నానేమో అని ఆమె కంగారుపడింది. అప్పటికే కెమెరాలకు, లైట్లకు, ఆయన స్కూటరుకు పెట్టి పెట్టి భరిణెలో కుంకుమ అడుగంటిందట. ఈయన ఒక్కొక్కటే తీసి అందిస్తుంటే ఆమె ఒక్కొక్కదానికి పెడుతూ పోయింది, చివరిదానికి వచ్చేసరికి అయిపోయింది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పెద్ద బొట్టుది మొదటిది, పసుపుది చివరిది. వరస తేలింది. ఇక ఈయన పైఅరనుంచి తీశాడా, కింది అరనుంచా అన్నదే మిగిలింది. అడిగితే ఆలోచించి తప్పు చెబుతాడని, సాయిలును సర్వర్ ముందు కూర్చోబెట్టి, పూజ నాడు ఎట్లా తీశావో అట్లా చేసి చూపించమన్నాను. చెయ్యి తిన్నగా పైఅరకు పోయింది. ఇంకోసారి అన్నాను. మళ్ళీ పైకే పోయింది.

"ఇన్నేండ్లు అందరితోని నేను చేపిస్తి. ఇయ్యాల నాతోని చేపిస్తుండ్రా సార్" అని నవ్వాడు సాయిలు. భార్య కూడా, మీదికెల్లే తీసిండు అని సాక్ష్యం చెప్పింది.

పెద్ద బొట్టు డిస్కును బల్ల మీదే ఉంచి, మిగతా మూడింటిని బొట్టు వరసలో అరల్లోకి తోశాను. ఈలోగా ముందు గదిలో అనుమానాలు మొదలయ్యాయి. ఈ ఇంజినీరును అవతలివాళ్ళే పిలిపించారేమో, చూపించకుండా పోగొట్టడానికే వచ్చాడేమో అని రెండు జట్లూ ఒకేసారి అనుకున్నాయి. రెండు వైపుల నుంచీ ఒక్కో మనిషి వచ్చి నా వెనకాల కాపలా నిలబడ్డారు. ఒక్కొక్క డిస్కునూ ఎంచి ఫోర్స్ ఆన్‌లైన్ నొక్కినప్పుడల్లా, నిజంగానేనా అని తెర అడుగుతుంది. నేను యెస్ నొక్కే ముందు కాపలాదారులిద్దరి వైపూ చూసేవాణ్ణి. ఇద్దరూ తల ఊపేవారు. అయిదారు నెలల్లో ఆ రెండు జట్లూ ఒక మాట మీద ఉండటం అదే మొదటిసారి అనుకుంటాను.

మూడు లైట్లూ పచ్చబడ్డాయి. సర్వర్ మెల్లగా లేచింది. పెళ్ళిళ్ళ పేర్లతో ఫోల్డర్లు కనిపించగానే గంగామణి సర్వర్‌కు దండం పెట్టింది. నాకు కాదు.

అందరూ వెనక గదిలోకి వచ్చారు. కుర్చీలో కూర్చున్న విఠల్‌రావు మీసాలు, లాల్చీ చూస్తేనే చెప్పవచ్చు, మర్యాద దగ్గర రవ్వంత తగ్గే మనిషి కాదని. ఆయన వెనకే జీపు డ్రైవర్ నర్సింలు నిలబడ్డాడు. ఇటువైపు భూంరెడ్డి చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. గది తలుపు దగ్గర రజిత నిలబడింది. సాయిలు ఆ పెళ్ళి ఫైలు తెరిచాడు. మిక్సింగ్ చెయ్యని పచ్చి వీడియో అది. మిక్సింగ్‌లో మాటలన్నీ తీసేసి పాటలు వేస్తాడు కాబట్టి, పెళ్ళి వీడియోలో ఎవరేం మాట్లాడారో సాయిలు కూడా ఎన్నడూ వినడట.

పందిరి. జనం. విఠల్‌రావు కుర్చీలో కూర్చున్నాడు. భూంరెడ్డి బట్టలు చేతిలో పెట్టి, నిండుగా రుమాలు కట్టాడు. గదిలో భూంరెడ్డి మనుషులు గట్టిగా ఊపిరి వదిలారు. విఠల్‌రావు తల వంచుకున్నాడు. అంతలో పెళ్ళిపందిట్లో కరెంటు పోయి తెర చీకటైంది. ఆ చీకట్లోంచి భూంరెడ్డిని పిలుస్తూ ఒక గొంతు, కెమెరా పట్టుకున్నవాడిది కాబట్టి అందరికంటే గట్టిగా వినిపించింది.

"పటేలా, మంచిగ రాలే. రుమాలు ఇప్పుండ్రి. లైట్ వచ్చినంక మల్ల కడుదురు."

సాయిలు కుర్చీ వెనక్కి జరిపాడు. వీడియో మాత్రం ఆగలేదు. జనరేటరు చప్పుడుతో వెలుగొచ్చింది. విఠల్‌రావు లేడు, కుర్చీ ఖాళీగా ఉంది. మళ్ళీ అదే గొంతు. "ఓ డ్రైవరన్నా, జెర్ర గీడ కూసో. లైట్ సూసుకుంట." నర్సింలు వచ్చి సర్దుకుని కూర్చున్నాడు. "ఆ, పటేలా, కట్టుండ్రి ఇగ. తొందరగ." భూంరెడ్డి వెనకనుంచి వచ్చి రుమాలు చుట్టాడు. "ఫస్ట్‌క్లాస్" అంది గొంతు.

అందరి తలలూ సాయిలు వైపు తిరిగాయి. ఆయన తన గొంతును తానే మొదటిసారి విన్నవాడిలా తెరనే చూస్తున్నాడు.

భూంరెడ్డి మెల్లగా చెప్పాడు. మొదటిసారి కట్టిందే మర్యాద, రెండోది ఫోటో కోసమే కదా అనుకున్నాడట. కుర్చీలో ఎవరున్నారో కూడా చూడలేదు. నర్సింలు గొంతు సవరించుకుని, తనకు అప్పుడే అనుమానం వచ్చిందనీ, కానీ అంత మంది ముందు తలకు రుమాలు కడుతుంటే వద్దంటే బాగుండదని ఊరుకున్నాననీ అన్నాడు. ఆ రుమాలు ఇంకా తన ఇంట్లోనే ఉందట. కావాలంటే తెచ్చిస్తానన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వి మళ్ళీ ఆపుకున్నారు.

విఠల్‌రావు అప్పుడు నోరు విప్పాడు.

"కాళ్ళు కడుక్కొని వచ్చేసరికి నా రుమాలు నా డ్రైవర్ నెత్తిమీద ఉన్నది. నెత్తికి కట్టింది ఇప్పిచ్చిండ్రని నలుగుట్ల ఎట్ల చెప్పుకోను? అందుకే కట్టనే లేదన్న. అయ్య లేని పిల్లగాడు, మామకు గూడ ఇజ్జత్ లేదనుకున్నరేమో అని మస్తు బాధైంది."

భూంరెడ్డి గోడ దగ్గరనుంచి కదిలి వచ్చి, భుజం మీది కండువా తీసి దులిపాడు. బావా, కూర్చో, లేవకు అని, ఆ కండువానే ఆయన తలకు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టు సరిగ్గా కుదరలేదు, ఒక కొస చెవి మీద వేలాడుతోంది.

సాయిలు చెయ్యి తనంతట తానే బల్ల మీది కెమెరా వైపు పోయింది. అలవాటు. నోరు కూడా తెరిచాడు, కొస చెవి మీద పడిందని చెప్పబోయాడు కాబోలు. రజిత రెండడుగులు వేసి కెమెరాకు అడ్డంగా నిలబడింది.

"అన్నా, వద్దు. మంచిగనే ఉన్నది" అంది.

అప్పుడు నవ్వారు అందరూ. విఠల్‌రావు కూడా, తల కదిలితే ఊడిపోతుందేమోనని కదలకుండా నవ్వాడు. ఆ వంకర రుమాలుతోనే జీపెక్కాడు. ముందు భూంరెడ్డి ఇంటికి పోయి పిల్ల సామాను వేసుకుని, రజితను తనే పిట్లంలో అత్తారింట్లో దింపుతానన్నాడు. నర్సింలు జీపు తిప్పుతుంటే ఆ పిల్ల వెనక్కి తిరిగి నాకో నమస్కారం పెట్టింది. నా ఉద్యోగంలో మెచ్చుకోలు ఉత్తరాలు రెండు వచ్చాయి. అవి ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఈ నమస్కారం గుర్తుంది.

నా పని అప్పటికింకా సగమే అయింది. పెద్ద బొట్టు డిస్కును పైఅరలోకి తోసి, రీబిల్డ్ మొదలుపెట్టాను. రీబిల్డ్ అంటే, అది లేనప్పుడు ఏం జరిగిందో మిగతా మూడూ దానికి మొదటినుంచి చెప్పుకురావడం. అది నిదానంగా సాగే పని. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. గంగామణి పండుగ గారెలు, కోడికూర పెట్టింది. సాయిలు ఊరికే ఉండలేక, మళ్ళీ పెట్టేశాం కదా సార్, ఇంకా ఇంతసేపేమిటి అని అడుగుతూనే ఉన్నాడు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది అదే, అది కూడా బాన్సువాడలోనే. లాగిన డిస్కును అదే అరలో, అదే నిమిషంలో తోసినా సర్వర్ దాన్ని పాత నమ్మకంతో చూడదు. తీసి పెట్టేవాడికి అది ఒక్క క్షణం పని. తీయించుకున్నవాడికి మళ్ళీ కుదురుకోవడానికి చాలా కాలం పడుతుంది. మనుషుల తలల మీదివి తీయించే ముందు కూడా యెస్సా, నో నా అని అడిగే తెర ఒకటి ఉంటే బాగుండేది. నేను మాత్రం ఆ తర్వాత ఏ సర్వర్ బిగించినా అరల నంబర్లు స్టిక్కర్ల మీద రాయలేదు, తడిగుడ్డకు పోని పెయింటుతో రాశాను. మా సేల్స్ ఆయనను నా ముందు డిస్కు ముట్టనివ్వలేదు.

పొద్దుగూకుతుండగా నాలుగో లైటు పచ్చబడింది. సంచి సర్దుకుని లేచాను. సాయిలు బస్టాండు దాకా వచ్చాడు. దారిలో ఏదో అడగాలని నోటిదాకా తెచ్చుకుని ఆగుతున్నాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని అడిగేశాడు.

"సార్, వచ్చే దసరాకు పూజ చెయ్యొచ్చునా?"

"మంచిగ చెయ్యి. బొట్టు పెట్టు, దండ ఎయ్యి" అన్నాను. "ఉన్నకాడనే ఉంచి పెట్టు."